అక్క చేతిలో ఫోన్

నా చిన్నప్పుడు కెనడాలోని కిచెనర్‌లో మా తమ్ముణ్ణి కారు గుద్దిన హాలోవీన్ గురించి మా వాళ్ళందరికీ ఒక కథ కంఠతా వచ్చు. బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టూడెంట్ పిల్లని నమ్మి పిల్లల్ని వేషాలతో ఇంటింటికీ చాక్లెట్లకి పంపారట, ఆ పిల్ల ఫోన్ చూసుకుంటూ నడిచిందట, అంతలో వాడు కారు కింద పడ్డాడట. అక్టోబరు వచ్చిందంటే చాలు, ఎవరింట్లో తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ పెట్టుకున్నా చిన్నపిల్లల తల్లుల్ని కూర్చోబెట్టి మా అమ్మ ఈ కథ చెబుతుంది. ఆ పిల్ల తప్పంటూ చెప్పేదాంట్లో నిజం ఒక్కటే. మేము అక్కా అని పిలిచే ఆమె చేతిలో ఫోన్ ఉంది. మిగతాది అబద్ధం. ఆ అబద్ధంలో మొదటి మాట నాది కాబట్టి, దాన్ని విప్పాల్సిందీ నేనే.

అప్పటికి మేము హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాది. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఐదు. కాలేజీలు మన దేశం నుంచి స్టూడెంట్లని విమానాలకొద్దీ దింపుకుంటున్న కాలం అది. సీటు ఇచ్చినవాళ్ళు తల దాచుకునే చోటు చూపించలేదు కనుక మా వీధిలో ప్రతి తెలుగింటి బేస్‌మెంట్‌లోనూ నలుగురైదుగురు ఉండేవారు. మా ఇంట్లో ముగ్గురమ్మాయిలు. వాళ్ళలో జగిత్యాల నుంచి వచ్చిన అక్క మామూలు రోజుల్లో కాలేజీకి, శనాదివారాలు గోడౌన్‌లో పనికి వెళ్ళేది. మేము పీఆర్‌తో, అంటే శాశ్వతంగా ఉండిపోయే హక్కుతో దిగినవాళ్ళం, వాళ్ళు స్టడీ పర్మిట్ మీద వచ్చినవాళ్ళు. ఈ తేడాని మా అమ్మ ఎప్పుడూ మర్చిపోలేదు, వాళ్ళనీ మర్చిపోనివ్వలేదు. పిల్లల్ని చూసే మనిషి కావాల్సి వస్తే మాత్రం మెట్ల దగ్గర నిలబడి, "అమ్మా, ఒకసారి పైకి వస్తావా" అని తీయగా పిలిచేది.

ఆ హాలోవీన్‌కి నాన్న ఆఫీసు పని మీద దూరంగా బర్నబీ అనే ఊరు వెళ్ళాడు. తలుపు కొట్టే పిల్లలకి చాక్లెట్లు పంచడానికి అమ్మ ఇంట్లో ఉండాలి కాబట్టి మమ్మల్ని తిప్పే పని అక్కకి పడింది. అమ్మ చెప్పిన జాగ్రత్తలు వినండి. జెలటిన్ ఉన్నవి తీసుకోవద్దు, అందులో ఆవు ఎముకలుంటాయి. రేపర్ చిరిగినవి వద్దు. ఎవరింటి లోపలికీ వెళ్ళొద్దు. నేను చూసేదాకా ఏదీ నోట్లో పెట్టొద్దు. అరగంట చెప్పింది. అంతసేపూ సంచిలో పడే వాటి గురించీ, వాటిని ఇచ్చేవాళ్ళ గురించే. రోడ్డు గురించి ఒక్క ముక్క లేదు.

రోడ్డు గురించి ఆలోచించింది అక్క. ముందురోజు మధ్యాహ్నం మా పాత వ్యాన్ తాళం అడిగి తీసుకుని, రెండు దిండ్లు వేసి నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టింది. తమ్ముణ్ణి ఎక్కడికో తీసుకెళ్ళి, ఒక్కతే తిరిగొచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"నువ్వే డ్రైవర్‌వి. అద్దాలు చూసి చెప్పు, తమ్ముడు ఏడున్నడు?"

"లేడు."

"మంచిగ చూడు. మూడద్దాలు చూడు."

"ఇంట్లోకి వెళ్ళిపోయాడేమో."

దిగి చూస్తే వాడు వ్యాన్ వెనకే, బంపర్‌కి వీపు ఆనించి అరటిపండు తింటున్నాడు. "గోడౌన్‌ల మాకు మొదటి దినం ఇదే చూపిస్తరు, సామాన్లు లేపే ఫోర్క్‌లిఫ్ట్ మీద కూసోబెట్టి," అంది అక్క. "నడిపేటోడు మంచోడే ఉంటడు. ఆయనకు నువ్వు కనబడవు, గంతే."

తర్వాత మమ్మల్ని వీధంతా నడిపించింది. ఒక వైపు ఇళ్ళన్నీ అయ్యాకే అవతలి వైపుకి దాటాలి. ఇంటి ముందు కార్లు పెట్టే డ్రైవ్‌వేలో ఇంజిన్ చప్పుడు వినిపించినా, కారు వెనక తెల్ల రివర్స్ లైట్లు వెలిగినా అక్కడే ఆగిపోవాలి. తమ్ముడి వేళ్ళు పట్టుకోకూడదు, జారిపోతాయి, మణికట్టు పట్టుకోవాలి. ఆ రాత్రి తన పాత గోడౌన్ జాకెట్ మీది, వెలుగు పడితే మెరిసే వెండి రంగు పట్టీలు కత్తిరించి మా వేషాలకి కుట్టింది. నాది తెల్ల దుప్పటి దెయ్యం. తమ్ముడిది గబ్బిలం, ఒంటి నిండా నలుపే.

మర్నాడు సాయంత్రం బయల్దేరే ముందు అమ్మ ఫోటో తీయబోయి ఆగింది. "ఇదేంటి, గబ్బిలమా, రోడ్డు పనివాడా? వాళ్ళ నాన్నకి పంపాలి," అంటూ పళ్ళతో దారం కొరికి తమ్ముడి రెక్కల మీది పట్టీలు ఊడదీసింది. "ఆంటీ, ఉండనీయండి, చీకట్ల కనబడడు," అంది అక్క. "వీధి దీపాలున్నాయి కదమ్మా, ఇదేమన్నా మీ ఊరా?" అంది అమ్మ. అద్దెకున్నవాళ్ళు ఇంటివాళ్ళతో ఎంతవరకు వాదించగలరో అక్క అంతవరకే వాదించింది.

అందుకే ఫోన్‌లో టార్చి వేసింది. మేమిద్దరం ముందు, ఆమె నాలుగడుగులు వెనక, వెలుగు తమ్ముడి వీపు మీద పడేలా పట్టుకుని నడిచింది. ఆ ఫోన్ వెలిగింది మా వీపుల మీద. ఆమె మొహం మీద కాదు. ఇది ఇన్నేళ్ళుగా ఎవరికీ అక్కర్లేని వివరం.

పదిహేను ఇళ్ళ దాకా ఏమీ కాలేదు. చీకటి చిక్కబడింది. ఒక ఇంట్లో పెద్దావిడ మా సంచుల్లో గుప్పెళ్ళతో పోసింది. కాలిబాట మీదికి వచ్చేసరికి పక్కింటి డ్రైవ్‌వేలో కారు స్టార్ట్ అయిన చప్పుడు విన్నాను. ఆగాలి. ఆగాను కూడా. ఆగి, ఈలోగా ఏం పడ్డాయో చూద్దామని సంచి తెరిచాను, రెండు చేతులతో. తమ్ముడి మణికట్టు పట్టుకున్న చెయ్యి అందులో ఒకటి. వాడు ఆ కారున్న ఇంటి మెట్ల మీద వెలుగుతున్న గుమ్మడికాయ దీపం వైపు పరిగెత్తాడు.

అక్క నా పక్కనుంచి దూసుకెళ్ళింది. వెనక్కి వస్తున్న కారు అద్దాన్ని రెండు చేతులతో బాదుతూ, "ఆపు, ఆపు," అని తెలుగులోనే అరిచింది. కారు ఆగింది. అప్పటికే వాడి ఎడమ కాలు చక్రం కింద ఉంది. ఆమె బాదకపోతే నలిగేది కాలు ఒక్కటే కాదు. కారు నడిపినాయన దిగి, చూసి, పచ్చిక మీద కూలబడిపోయాడు. ఎవరింటికో భోజనానికి వెళ్ళబోతున్న ముసలాయన.

అమ్మ పరిగెత్తుకొచ్చింది, అంబులెన్స్ వచ్చింది. పోలీసాయన నా ముందు మోకాలి మీద కూర్చుని మెత్తగా అడిగాడు, తమ్ముణ్ణి ఎవరు చూసుకుంటున్నారని. నేను అక్క వైపు వేలు చూపించాను. ఆమె అప్పుడు ఏం చేస్తోందన్నాడు. చేతిలో ఫోన్ ఉంది, అన్నాను. అమ్మ ఆ మాట విని అక్క వైపు తిరిగి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. అక్క రెండడుగుల దూరంలో, వాచిపోతున్న చేతుల్ని చంకల్లో దాచుకుని నిలబడి ఉంది. నన్ను చూసింది. ఆయన ఆమెనూ అడిగాడు. నేనే చూసుకోవాలి, చూసుకోలేకపోయాను, అంది ఇంగ్లీషులో. టార్చి మాట ఎత్తలేదు, పట్టీల మాట ఎత్తలేదు.

పోలీసులు ఎవరి మీదా కేసు పెట్టలేదు. కేసు మా ఇంట్లో నడిచింది. నాలుగో రోజుకి అక్క గది ఖాళీ చేసింది. తెలుగువాళ్ళ గ్రూపులో అమ్మ పెట్టిన మెసేజ్ పుణ్యమా అని ఆ చుట్టుపక్కల ఆమెకి గది ఇచ్చినవాళ్ళు లేరు. ఎక్కడినుంచో రెండు బస్సులు మారి కాలేజీకి వస్తోందని మిగతా అమ్మాయిలు చెప్పారు. ఆ తర్వాత ఆ కబురూ లేదు.

నేను చెప్పలేదనుకోకండి. పన్నెండేళ్ళప్పుడు అమ్మకి అంతా చెప్పాను. "నువ్వు చిన్నపిల్లవి, నీ తప్పేముంది," అంది. మరి అక్క తప్పేముందంటే, "పెద్దది కదే," అంది. ఆ పెద్దదానికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. పట్టీలు ఊడదీసిందెవరని అడిగితే, పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్ళింది. తమ్ముడికీ చెప్పాను. చలికాలంలో వాడు ఎడమ కాలు ఈడుస్తాడు. నువ్వు వదిలితే వదిలావు, పరిగెత్తింది నేను కదా అని ఇంగ్లీషులో చెప్పి, చిన్నప్పటిలాగే నవ్వేశాడు. క్షమించాల్సింది వాడొక్కడే అయితే ఈ గొడవ అక్కడితో తీరిపోయేది.

ఇప్పుడు నాకూ జుట్టు నెరుస్తోంది. కారు తీసే ముందు చుట్టూ నడిచి చూడనిదే సీట్లో కూర్చోను. అమ్మ ఎక్కడైనా ఆ కథ మొదలుపెడితే మధ్యలో ఆపి, ఆ తల్లుల్ని డ్రైవ్‌వేలోకి తీసుకెళ్తాను. పిల్లల్ని కారు వెనక నిలబెట్టి, తల్లుల్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెడతాను. నా నోటికి జడిసి వచ్చేవాళ్ళే ఎక్కువ, కానీ దిగగానే అందరూ కారు వెనక్కి వెళ్ళి చూస్తారు. ఎవరైనా "ఆ స్టూడెంట్లు అంతేనండీ" అంటే, ఏం చూశారని అంటున్నారో చెప్పమని నిలదీస్తాను. పాట్‌లక్‌లకి నన్ను పిలవడం తగ్గించారు. తగ్గించనీ.

అక్కని చాలా వెతికాను. దొరకలేదు. ఇది ఆమె కంట పడాలనే రాస్తున్నాను, దాచేదేముంది. ఆ రాత్రి ఆమె నా వెనకే ఉంది, నాలుగడుగుల దూరంలో, చూపంతా మా మీదే పెట్టుకుని. అక్కా, నేను తమ్ముడి చెయ్యి వదలడం నువ్వు చూశావా? చూసి కూడా, పోలీసాయన అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?