భోజనమయ్యాకే ఉత్తరం

చావు కబురు భోజనాలయ్యాకే అందించాలని మా ఊరి పోస్టుమాన్‌గారికి నేర్పింది నేనే. మండపేట దాకా అందరికీ ఇలాగే చెప్పాను.

కాలవగట్టు బురదలో సైకిలు కదలక, ఆయన సంచీ భుజాన వేసుకుని నాలుగూళ్లు నడిచేవారు. మనియార్డరు తెస్తే మజ్జిగిచ్చేవాళ్లు, చావు కబురు తెస్తే ఆయన్నే తిట్టేవాళ్లు. ఏ ఇంటి ముందైనా నిలబడే, "భోజనాలయ్యాయా అండీ?" అని అడిగేవారు. ఆ కబురు విన్నాక ఆ పూట ఎవరూ ముద్ద ముట్టరు కదా!

డెబ్బైల్లో ఓ వేసవి. మా ఆవిడ పచ్చి బాలింత. తునిలో మామగారికి జబ్బుగా ఉండటంతో పురుడు మా ఇంట్లోనే పోశాం. ఓ మధ్యాహ్నం పోస్టుమాన్‌గారు వచ్చారు.

"భోజనమైందా అమ్మా?"

"ఇప్పుడే వడ్డించుకుంటున్నానండి."

"కానివ్వండి, కూర్చుంటాను" అని అరుగెక్కారు. ఆవిడ తిని చెయ్యి కడుక్కున్నాకే కార్డు నా చేతిలో పెట్టారు. మామగారు పోయారు.

ఆగమని నేనే కన్నుగీటానని ఇన్నాళ్లూ కోతలు కోశాను. నిజానికి, "ఏంటండీ ఈ నాన్చుడు, ఉత్తరముంటే ఇవ్వండి!" అని కసిరాను. ఆయన సంచీ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి వినిపించాను.

"ఆయన దాచిందీ లేదు, మీరు కనిపెట్టిందీ లేదు" అంది. "ఎన్నడూ కూర్చోని మనిషి అరుగెక్కినప్పుడే మా నాన్న పోయాడని తెలిసింది. చంటిదానికి పాలుండాలని ఆయన కాపలా కూర్చుంటే, తినక ఏం చెయ్యను?"