కటింగులు పోంగ చేతికెంత?

జనగామ–నర్మెట్ట బస్సులో కండక్టరు హన్మంత్ ఎవరినైనా రెండే ప్రశ్నలు అడిగేవాడు. ఎక్కడికి అనేది మొదటిది. జీతమెంత అనేది రెండోది. మొదటిదానికి జవాబు చెప్పకపోయినా ఎలాగో టికెట్టు కొట్టేవాడు గానీ, రెండోదానికి చెప్పకపోతే మాత్రం చిల్లర చేతికి వచ్చేది కాదు.

చెప్పినా వదిలేవాడా? "కటింగులు పోంగ చేతికెంత?" అని మళ్ళీ తగులుకునేవాడు. ఒకసారి కొత్త ఎస్సై ఎక్కితే ఆయన్నీ అడిగాడు. ఎస్సై ఉరిమి చూశాడు. "గంత తక్కువనా సార్?" అన్నాడు హన్మంత్ జాలిపడుతూ. ఆ జాలి భరించలేక ఎస్సై తన జీతం పైసలతో సహా చెప్పేశాడు.

"నా మెడల పుస్తె కట్టుకుంటనే పంతుల్ని జీతమడిగిండు ఈయన" అని భార్య సుమిత్ర ఇప్పటికీ తల కొట్టుకుంటుంది. చుట్టుపక్కల సంబంధాలు చూసేవాళ్ళు పిల్లగాడి ఇంటికి పోయేవారు కాదు. నాలుగు స్టేజీల దూరం బస్సెక్కి, హన్మంత్‌ను అడిగి పిల్లగాడి జీతం కనుక్కుని దిగిపోయేవారు.

ఈ హన్మంత్‌కు అందరికన్నా ఎక్కువ భయపడ్డవాడు ఉపేందర్. చిన్న ఊళ్ళకు పంతొమ్మిది సీట్ల విమానాలు తిప్పే కంపెనీలో అతను కో పైలట్. బాపు రెండెకరాల చెలక అమ్మి చదివించాడు. కొడుకు జీతం పదివేలని నమ్మి, నర్మెట్టంతా చెప్పుకుని మురిసిపోయాడు. అసలు సంగతేమిటంటే, బొగ్గు బావిలో ఓవర్‌టైం చేసేవాడికి ఉపేందర్‌కన్నా ఎక్కువే ముట్టేది. అందుకే సెలవులకు వచ్చినప్పుడు ఉపేందర్ జనగామలో సైకిలు కిరాయికి తీసుకుని ఊరికి పోయేవాడు. పైన గంటకు రెండు వందల మైళ్ళు పోయే మనిషి, కింద ఎండలో చెమటలు కక్కుతూ తొక్కేవాడు.

ఎనభై ఏడులో ఒకరోజు ఆ సైకిలు మొరాయించింది. ఉపేందర్ జేబులో రాజీనామా ఉత్తరం ఉంది. బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, జీతం నయం. ఉత్తరాన్ని ఆ రోజే జనగామలో రిజిస్టరు పోస్టు చేయాలి. గత్యంతరం లేక బస్సెక్కాడు.

హన్మంత్ వచ్చాడు. టికెట్టు కొట్టాడు, చిల్లర ఇచ్చాడు, ముందుకు పోయాడు. బస్సు బస్సంతా ఆశ్చర్యపోయింది.

"ఏంది హన్మంతూ, పిలగాన్ని అడగవా?" అంది వెనక సీటు సారమ్మ.

"ఎరికైన ముచ్చట ఎన్నిసార్లడగాలె అవ్వా? పదివేలు!"

ఉపేందర్ లేచి డోరు దగ్గరికి పోయి హన్మంత్ పక్కన నిలబడ్డాడు.

"గట్ల చెప్పినవేందన్నా?"

హన్మంత్ గొంతు తగ్గించాడు. "పద్దెనిమిది వందల యాభై. కటింగులు పోంగ పదహారు వందల నలభై. అవునా?"

"నీకెట్ల తెలుసు?"

"మీ కంపెనీల జీతాలు రాసేటాయన అత్తగారిది మనూరే. బస్సెక్కినోన్ని ఇడుస్తనా? రెండేండ్లాయె తెలిసి."

"మరి ఎవరికి చెప్పలే?"

"మీ బాపు మాట మీద ఎవరికన్న అనుమానమొస్తే నా దగ్గరికే వస్తుండ్రి. పిలగాన్ని నేనే అడిగిన, పదివేలే అని చెప్పి పంపిన. జీతాల కాడ నా మాటంటే ఊరికి నమ్మకం గద."

కడుపులో మాట నిలవదని పేరుపడ్డ మనిషి రెండేళ్ళు ఈ మాట దాచాడు. ఉపేందర్‌కు కళ్ళు చెమర్చాయి. జేబులోని ఉత్తరం తీసి చూపించాడు.

"ఇంకెన్ని గంటలు నడిపితే కెప్టెనైతవు?" అడిగాడు హన్మంత్.

"నాలుగు వందలు. ఏడెనిమిది నెలలు పడ్తది."

"కెప్టెన్‌కెంత?"

"ఆరు వేలు."

"కటింగులు పోంగ?"

ఉపేందర్‌కు నవ్వాగలేదు.

"నేను నాలుగేండ్లు రోజు కూలీ మీద ఈ సంచి మోసిన తమ్మీ. పర్మనెంటని చెప్పి లగ్గం చేసుకున్న. ఎవడన్న జీతమడుగుతడేమోనని పానం గిలగిలలాడేది. గందుకే ముందుగాల నేనే అడుగుడు షురూ చేసిన. నేనడుగుతుంటే నన్నెవడు అడుగుతడు? నీ తిప్పలు నాకెరికే. పని ఇష్టమైతే ఇంకొన్ని నెలలు ఓర్చుకో."

విమానం దించేటప్పుడు రన్‌వే ఎదురొచ్చే ఆ క్షణమంటే ఉపేందర్‌కు ప్రాణం. బ్యాంకులో అది దొరకదు. ఉత్తరాన్ని అడ్డంగా చింపి జేబులో కుక్కుకున్నాడు. తర్వాత బస్సు మధ్యకు వచ్చి గట్టిగా అన్నాడు.

"అవ్వా, నా జీతం పద్దెనిమిది వందల యాభై. కటింగులు పోంగ పదహారు వందల నలభై. బాపుకు గూడ ఇయ్యాల నేనే చెప్త."

సారమ్మ నోరు తెరిచింది. "గంత మీదికి పోతె గంతేనా బిడ్డా?" అని గంపలోంచి పెద్ద సీతాఫలం ఏరి చేతిలో పెట్టింది. అంతలోనే ఏదో తట్టినట్టు డోరు వైపు తిరిగింది. ఆమెతోపాటు బస్సంతా తిరిగింది.

"మరి రెండేండ్లసంది పదివేలంటివి గదరా హన్మంతూ?"

హన్మంత్ ఏమీ వినిపించనట్టు, అందరి చేతుల్లోనూ టికెట్లు ఉండగానే, "టికెట్... టికెట్..." అంటూ డ్రైవరు వైపు నడిచాడు.