ఉపవాసం పెట్టినా ఊరుకోని కణాలు

మా ల్యాబ్‌లో కణాలకు ఉపవాసం పెట్టడం నా పని. వినగానే మా చర్చివాళ్లు నవ్వుతారు గానీ ఇందులో నవ్వులాటేమీ లేదు. చిన్న ప్లాస్టిక్ పళ్లేల్లో, గులాబీ రంగు ద్రవంలో కణాలు హాయిగా తిని పెరుగుతుంటాయి. ఆ ద్రవంలో దూడ రక్తం నుంచి తీసిన సీరం ఉంటుంది. దాన్నిండా 'ఎదగండి, రెండవండి' అని పోరుపెట్టే ప్రోటీన్లు. ప్రయోగానికి ముందురోజు ఆ సీరం తీసేసి ఉత్త ద్రవం పోస్తాను. ఆ పోరు ఆగిపోయేసరికి కణాల లోపలి సందడి అణుగుతుంది. మర్నాడు ఒకే ఒక్క సంకేతం అందిస్తే, ఏ ప్రోటీన్ లేచింది, అది ఎవర్ని లేపింది, తేటగా కనిపిస్తుంది. మా ప్రొఫెసర్ పొద్దున్నే పలకరింపు కూడా లేకుండా "స్టార్వ్ చేశావా?" అని అడుగుతాడు. కెనడాలో ఈ హామిల్టన్ వచ్చిన ఇన్నేళ్లలో నన్ను ఎవరైనా రోజూ అడిగే ప్రశ్న అదొక్కటే.

కణం లోపల కబురు ఎలా పాకుతుందో నాకు పాఠాలకన్నా మా తెలుగు చర్చి సంఘమే బాగా నేర్పింది. ఆరాధన అయ్యాక ఒకావిడ ఇంకొకావిడ భుజం తట్టి చెవిలో ఒక మాట వేస్తుంది. ఆవిడ ఇద్దరికి చెప్తుంది, ఆ ఇద్దరూ నలుగురికి. సాయంత్రానికి నాలుగు ఊళ్ల అవతల ఒషావా దాకా తెలియనివాళ్లుండరు. కణంలోనూ అంతే. గోడమీద కాపలా ఉన్న ప్రోటీన్‌ను బయటినుంచి ఏదో వచ్చి తాకుతుంది. అది లోపలి ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ అనే చిన్న గుర్తు అంటిస్తుంది. భుజం తట్టడమంటే అదే. తట్టించుకున్నది ఇంకోదాన్ని తడుతుంది. చివరికి కబురు కేంద్రకానికి చేరి 'రెండుగా చీలు' అంటుంది, లేదా 'ఇక చాలు, చచ్చిపో' అంటుంది. ఆ రెండో కబురు కూడా ఆరోగ్యమే. చావమంటే చచ్చే కణాలున్నాయి కాబట్టే మనం బతికున్నాం. పని అయ్యాక ఆ గుర్తును చెరిపేసే ప్రోటీన్లు వేరే ఉంటాయి. మా సంఘంలో లేనిది ఆ రకమే.

మా ఆయన రక్తంలో పుట్టిన ప్రోటీన్‌ను మాత్రం ఎవరూ తట్టక్కర్లేదు. ఎముక మూలుగలో ఏదో ఒక కణంలో రెండు క్రోమోజోములు విరిగి, ముక్కలు తారుమారుగా అతుక్కున్నాయి. ఆ అతుకులోంచి పుట్టిన ప్రోటీన్‌కు స్విచ్ ఆన్‌లో ఇరుక్కుపోయింది. పగలూ రాత్రీ అది తెల్లకణాలను పెరగమంటుంది, చావొద్దంటుంది. దీన్ని నెమ్మదిగా నడిచే రకం రక్త క్యాన్సర్ అన్నారు. రోజుకో మాత్ర ఇచ్చారు. ఆ ప్రోటీన్‌కు శక్తి అందాలంటే దాని ఒళ్లో ఒక గుంటలో ఇంధనం వచ్చి కూర్చోవాలి. మాత్ర వెళ్లి సరిగ్గా ఆ గుంటలో కూర్చుంటుంది. చర్చిలో ముందు బెంచీ మీద హ్యాండ్‌బ్యాగ్ పెట్టి సీటు ఆపుతారు చూడండి, అలా. బ్యాగ్ ఉన్నంతసేపూ వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోతారు. ఇంధనం అందక ఆ ప్రోటీన్ నోరు మూసుకుంటుంది, దాని అండతో బతుకుతున్న కణాలు వాటంతటవే చచ్చిపోతాయి. కాకపోతే బ్యాగ్ రోజూ పెట్టాలి.

ఆయన స్టీలు ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతారు. పొద్దున షిఫ్ట్‌కి కాఫీ మాత్రమే తాగి పోతారు కాబట్టి, మాత్ర మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, అన్నంతో. ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతి. అందుకే నేను లేచి అన్నం, కూర డబ్బాలో సర్దేదాన్ని. డబ్బా ఖాళీగా తిరిగొచ్చేది. మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేస్తే, కిందటి ఏడాదికల్లా ఆ ప్రోటీన్ జాడ దాదాపు కనిపించకుండా పోయింది.

అలాంటిది, ఈస్టర్‌కి కొన్ని వారాల ముందు వచ్చిన రిపోర్టులో అది మళ్లీ కనిపించింది. కొంచెం కాదు.

డాక్టరమ్మ నాకన్నా చాలా చిన్నది. ఆయన వైపు తిరిగి, "మాత్రలు మధ్యలో ఎప్పుడైనా మానేశారా?" అని అడిగింది.

"లేదు," అన్నాను నేను. "లంచ్ బాక్స్ నేనే కడతాను, డబ్బా ఖాళీగానే వస్తుంది. మీ మందే పనిచేయడం మానేసిందేమో చూడండి."

ఆవిడ తలూపి, ఆ ప్రోటీన్ తన ఆకారం మార్చుకుందేమో చూడటానికి ఇంకో పరీక్ష రాసింది. గుంట కాస్త వంకర తిరిగితే చాలు, మాత్ర అందులో కూర్చోలేదు. అప్పుడు ఇంకా ఘాటైన మందు, అదీ పనిచేయకపోతే మూలుగ మార్పిడి. ఫలితం రావడానికి వారాలు పడుతుందంది. మా ఆయన గోడమీద చేతులు కడుక్కోమనే బొమ్మనే చూస్తూ కూర్చున్నారు.

ఆ వారాలు నేను ఒకచోట నిలబడలేదు. ఫ్రీజర్ ఖాళీ చేసి మళ్లీ సర్దాను. పార్కింగ్ దగ్గర ఎవరితోనో దెబ్బలాడాను. ల్యాబ్‌లోనూ ఊరట లేదు. ఒక వరస పళ్లేల్లో మామూలు కణాలు, ఇంకో వరసలో స్విచ్ ఇరుక్కున్న ప్రోటీన్ పెట్టిన కణాలు. రెండింటికీ ఒకేలా ఉపవాసం పెట్టాను. మామూలువి బుద్ధిగా అణిగాయి. రెండో వరసవి తిండి తీసేసినా ఊరుకోలేదు. లేచిన ప్రోటీన్లను పట్టిచూపే ఫిల్మ్ మీద నల్లటి పట్టీలు, ఏదో విందు జరుగుతున్నట్టు. ఎన్నోసార్లు చూసిందే. ఆ రోజు మాత్రం ఫిల్మ్‌ను బల్లమీద బోర్లా పెట్టేశాను.

ఆ శనివారం ఇండియన్ స్టోర్‌లో బెండకాయల కొసలు విరిచి లేతవి ఏరుతున్నాను. వెనకనుంచి "భాభీజీ!" అన్నారెవరో. మా ఆయనతో పనిచేసే పంజాబీ ఆయన, మనిషి ఎంతో గొంతు అంత.

"మీ ఫిష్ కర్రీ సూపర్ భాభీజీ. నెలరోజుల్నుంచి రోజూ మీ వంటే. మా ఆవిడకి కోపం కూడా వస్తోంది, ఇంట్లో తినట్లేదని. ఉప్పు మాత్రం కొంచెం తగ్గించండి, నాకు బీపీ."

చేతిలో బెండకాయ విరిచాను. అది ముదురు. అయినా సంచిలో వేశాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గరాజ్‌లో మంచు పారలు లోపలికి సర్దుతున్నారు.

"పనిరోజుల్లో మధ్యాహ్నం ఏం తింటున్నారు?"

"నువ్వు పెట్టిందే."

"నిన్న ఏం పెట్టాను?"

ఆయన పార వైపు చూశారు. పార ఏం చెప్తుంది?

"చేపల పులుసు. మీ ఫ్రెండ్‌కి బాగా నచ్చిందట, ఉప్పు తగ్గించమన్నాడు."

పార గోడకి ఆనించి, "ఉపవాసం ఉంటున్నా," అన్నారు. "శ్రమదినాలు కదా. ఈస్టర్ దాకా, పనిరోజుల్లో సాయంత్రం ప్రార్థన అయ్యేవరకు."

"మరి మాత్ర?"

"ఆహారంతో వేసుకోమని సీసా మీదే ఉంది. అన్నం లేకుండా వేసుకోవద్దని నువ్వూ అన్నావు."

"అన్నం తిని వేసుకోమన్నాను! అన్నం మానేసి మాత్ర కూడా మానేయమన్నానా?"

"సాయంత్రం వేసుకుందామనుకున్నా. రోజూ ఒకే టైముకి అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. టైము తప్పడం ఎందుకని..."

"టైము తప్పుతుందని మాత్రే తప్పించారు!"

"శని ఆదివారాలు నీ ముందే వేసుకుంటున్నాగా."

"అసలెందుకండీ ఈ ఉపవాసం? దేనికి?"

ఆయన చేతి తొడుగులు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, సరిచేసి, అప్పుడన్నారు: "కృతజ్ఞత. కిందటిసారి రిపోర్టులో ఏమీ కనపడలేదన్నారు కదా. దేవుడికి ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది."

"అంటే మాత్ర పనిచేసినందుకు థాంక్స్ చెప్పడానికి మాత్ర మానేశారు."

"నువ్వు చెప్తే ఏదైనా అలాగే ఉంటుంది."

"మరి క్లినిక్‌లో ఆవిడ మొహం మీద అడిగితే నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"నేను నోరు తెరిచేలోపు నువ్వు చెప్పేశావు. ఆ తర్వాత నిజం చెప్తే నిన్ను అబద్ధాలకోరుని చేసినట్టవుతుందని ఊరుకున్నా."

తప్పు నావైపు తిరిగినప్పుడు నా గొంతు ఇంకా పెరుగుతుంది. "బ్యాగ్ తీసేశారండీ మీరు," అని అరిచాను. "సీటు ఖాళీ చేసి పెడితే వాడొచ్చి కూర్చున్నాడు. వాటికి ఉపవాసాలు పట్టవు. తిండి మానేస్తే మీరు నీరసపడతారు, అవి పడవు. వాటికి బయటినుంచి కబురు అక్కర్లేదు!" ఏ బ్యాగో, ఏ సీటో పాపం ఆయనకేం అర్థమైంది? పక్కింటావిడ కుక్కను లోపలికి పిలుచుకుంది.

కానీ అంత కోపంలోనూ అడుగున ఒక ఆలోచన తచ్చాడుతూనే ఉంది. వేసుకోని మాత్ర పనిచేయలేదంటే తప్పు మాత్రది కాదు. గుంట వంకర తిరగలేదేమో. వెంటనే ఇంకో ఆలోచన. ఈ సందు దొరికిన నెలలో ఆ కణాలు ఎన్నిసార్లు చీలాయో, చీలినప్పుడల్లా ఏం నేర్చుకున్నాయో! ఆశ పెట్టుకోవాలంటే కూడా కూర్చోవడానికి ఒక చోటు ఉండాలి. నాకు అది దొరకలేదు.

సోమవారం క్లినిక్‌కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు ఆయన చేతే చెప్పించాను. డాక్టరమ్మ ఎన్ని మాత్రలు తప్పాయో ఆయన చేత లెక్కపెట్టించింది. తర్వాత, ఇవాళ్టినుంచే మొదలుపెట్టమంది, ఒక్కరోజు కూడా ఆపొద్దంది, ఆ పరీక్ష ఫలితం చూశాకే మాట్లాడుకుందామంది. ఆయన మళ్లీ మధ్యాహ్నం తినడం మొదలుపెట్టారు. అయితే గుడ్‌ఫ్రైడే ముందురోజు, "రేపు ఒక్కరోజు మూడింటి దాకా," అన్నారు. "గంటన్నర ఆలస్యమైతే ఏమవుతుంది?"

ఏమీ కాదని నాకూ తెలుసు. చదువుకున్నదాన్నే. కానీ ఏమీ కాదు, ఏమీ కాదు అనుకుంటూనే కదా ఇంతదాకా వచ్చాం. "ఒక్క నిమిషం కూడా వీల్లేదు," అన్నాను.

మా సంఘంలో గుడ్‌ఫ్రైడే ఆరాధన పన్నెండు నుంచి మూడింటి దాకా. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు. అందరూ ఉపవాసం. మూడయ్యాక మజ్జిగ పోస్తారు. నాలుగో మాట అవుతుండగా ఆయన మోచేయి గిల్లి బయటికి లాక్కొచ్చాను. ఎండ ఉంది గానీ గాలి కోస్తోంది. కార్లో హీటర్ వేసి పెరుగన్నం డబ్బా చేతికిచ్చాను. తలవంచుకుని తిన్నారు. మాత్ర నోట్లో వేసుకుని గ్లాసుడు నీళ్లు తాగుతుంటే, లోపల మైకులో ఐదో మాట మొదలైంది. దాహం గురించిన మాట. ఆయన గ్లాసు దించి నా వైపు చూశారు.

"తాగండి," అన్నాను.

అప్పుడే ఎవరో కిటికీ అద్దం తట్టారు. మా సంఘంలో పెద్దావిడ. ఆవిడ చెవిలో పడని కబురుండదు, నోట్లో ఆగే కబురూ ఉండదు. అద్దం దించాను.

"ఏమ్మాయ్, ఇవాళ్టి పూట కార్లో దాక్కుని అన్నమా? మీవారు శ్రమదినాలన్నీ ఉపవాసముంటున్నారని పాస్టర్ గారు బుధవారం ప్రార్థనలో అంతలా మెచ్చుకుంటే!"

అంటే ఊరంతటికీ తెలుసు. బుధవారం ప్రార్థనకి నేను రాను కాబట్టి, వస్తే వాదిస్తాను కాబట్టి, ఒషావా దాకా పాకిన కబురు నా ఒక్కదాని దగ్గరే ఆగిపోయింది.

"ఆంటీ," అన్నాను, "మీరు పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నారా?"

"అదెలా వేసుకుంటానమ్మా, టిఫిన్ తినకుండా?"

"నిన్న?"

"నిన్నా ఉపవాసమే."

మా ఆయన గొంతులో నీళ్లు అడ్డుపడ్డాయి. నేను వెనక తలుపు లాక్ తీశాను. "ఎక్కండి. పెరుగన్నం ఇంకా ఉంది."

"చాల్లే, ఎవరన్నా చూస్తే?"

"చూస్తే వాళ్లనీ ఎక్కిద్దాం. వ్యాన్ తెస్తాను."

ఆవిడ చర్చి తలుపు వైపు చూసింది, పార్కింగ్ అంతా చూసింది, చీరమీది కోటు దగ్గరికి లాక్కుని ఎక్కి కూర్చుంది. నాలుగు ముద్దలు తిన్నాక బ్యాగ్‌లోంచి మాత్రల పెట్టె తీసి, "ఊరగాయ లేదా?" అని అడిగింది.

పరీక్ష ఫలితం మే నెలలో వచ్చింది. ప్రోటీన్ ఆకారం మారలేదు. మాత్ర పాత గుంటలో పాతగానే కూర్చుంటోంది. తర్వాతి రక్తపరీక్షలో ఆ జాడ తగ్గడం మొదలైంది, కానీ ఉపవాసానికి ముందున్న చోటికి ఇంకా దిగలేదు. దిగుతుందని డాక్టరమ్మ అంటుంది. మా ఆయన నమ్ముతారు. ఆయన దేన్నైనా నమ్మగలరు.

నేను రోజూ ఒంటిగంటన్నర కాగానే చేతి తొడుగులు విప్పి, ల్యాబ్ బయట కారిడార్‌లోకి వచ్చి ఫోన్ చేస్తాను. అవతల ఫ్యాక్టరీ లంచ్‌రూమ్ మైక్రోవేవ్ మోగుతుంటుంది. పంజాబీ ఆయన "భాభీజీ, నా వాటా ఏది?" అని దూరం నుంచి అరుస్తాడు.

"వేసుకున్నారా?"

"నోట్లోనే ఉంది."

"నీళ్లు తాగండి. నాకు వినపడాలి."

గుటక వినపడుతుంది. అప్పుడే ఫోన్ పెట్టేస్తాను, ఉపవాసంలో ఉన్న నా పళ్లేల దగ్గరికి వెళ్తాను.