ట్యాంకుకు తక్కువైన ముక్క

ఆగస్టు 9, శనివారం. తిరుపతిలో మా ఇల్లు. ఉన్నవాళ్లు: నేను, మా చెల్లెలు, ఆమె భర్త.

ఆ రోజు డైరీలో మధ్యాహ్నం రాసుకున్నది ఇంతే. మిగతాది తరువాత రాశాను.

రిటైరయ్యాక నాకు ప్లాస్టిక్ కిట్లు అతికించే అలవాటు పట్టుకుంది. ఈసారి తెప్పించుకున్నది రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు నడిపిన భారీ ట్యాంకు, అసలుదానిలో ముప్పై అయిదో వంతు. పెట్టె నిండా చట్రాలకు అంటుకుని ఉన్న చిన్న చిన్న ముక్కలు. ఒక్కొక్కటీ కత్తిరించి, నంబరు చూసి అతికించాలి. చక్రాల పని మాత్రం మా చెల్లెలి భర్తది. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఆయన ఎన్నో ఏళ్లుగా తిరుమల కొండకు జీపు నడుపుతున్నాడు, అదీ చెప్పుల్లేకుండా. స్వామి కొండ ఎక్కే బండిని చెప్పుకాలితో తొక్కకూడదని పెట్టుకున్న నియమం అది. పోను పోను అదే ఆయన గొప్ప అయింది.

"బ్రేకు పట్టిందా లేదా అరికాలే చెప్తాది బావా. ఈ ట్యాంకు తోలేటోడు బూట్లేసుకుని కూర్చుంటే వానికేం తెలుస్తాది?" అన్నాడు, చక్రం దూరుస్తూ.

"అరికాలు సంగతి తర్వాత. షుగరు మాత్ర ఏసుకున్నావా?" అంది చెల్లెలు.

"సూడు బావా, మీ చెల్లెలు కండక్టరై ఉంటే టికెట్టు లేనోళ్లని ఘాట్‌రోడ్డు మధ్యలోనే దించేసుండేది."

మరునాడు తెల్లవారగానే చిత్తూరు నుంచి ఒక కుటుంబం రావాలి. కొండమీద పసిబిడ్డకు పుట్టువెంట్రుకలు. ఆయన జీపే మాట్లాడుకున్నారు.

ట్యాంకు ముందువైపు వచ్చే చిన్న తుపాకీ గొట్టం కనపడలేదు. వడ్లగింజ కంటే కాస్త పొడుగు. ఏటవాలుగా కత్తిరించడంతో సూదిలా మొన తేలింది. చాప దులిపాం, టార్చి వేసి మంచం కింద చూశాం. బావ లేచి గదంతా కలియతిరిగాడు. "ఈడే ఉండాలబ్బా, యాడికి పోతాది?"

చెల్లెలు టీ తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎర్ర రంగు ఒలకబోసినావా అన్నా?"

నా దగ్గర ఉన్నవి ఇసుక రంగు, నలుపు. ఎర్ర రంగు లేదు.

తెల్లటి గచ్చు మీద మరకలు కిటికీ దాకా పోయి, తిరిగి వచ్చి బావ పాదం దగ్గర ఆగాయి. కాలు పట్టి ఎత్తాను. గొట్టం కుడి అరికాలిలో మొదలంటా దిగి ఉంది. ముక్కలు పట్టుకునే పట్టకారుతోనే దాన్ని లాగాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు.

"కళ్లు మూసుకో బావా. తగిలినప్పుడు చెప్పు," అన్నాను.

పెన్సిలు మొనతో మడమ మీద, మధ్యలో, వేళ్ల కింద నొక్కాను. ఆయన కళ్లు మూసుకుని నవ్వుతూనే ఉన్నాడు.

"ముట్టు బావా, ఎంతసేపు?"

చెల్లెలు టీ గ్లాసులు కింద పెట్టేసింది. ఆ ముందురోజు కూడా ఆయన అదే కాలితో జనాన్ని ఎక్కించుకుని కొండ దిగి వచ్చాడు.

"ఎన్నాళ్లనుంచి?" అని అడిగాను.

"తిమ్మిరి అనుకున్నా. పోతాదిలే అనుకున్నా." కాలు వెనక్కి తీసుకుని, "రేపటికి మాటిచ్చేసినా బావా. బండి తప్ప నాకేం వచ్చు?" అన్నాడు.

"పసిబిడ్డ ఉండాదయ్యా బండిలో," అంది చెల్లెలు.

ఆయన కట్టు కట్టించుకుని, జీపు తాళం జేబులో వేసుకుని, చీకటి పడకముందే ఆమెను తీసుకుని వాళ్లింటికి వెళ్లిపోయాడు. రేపు బండి తోలనని మాత్రం అనలేదు. గొట్టాన్ని కడిగి సీసా మూతలో పెట్టాను. అతికించబుద్ధి కాలేదు.

మరుసటి ఉదయం తెల్లవారకముందే వాళ్లింటికి వెళ్లాను. జీపు ఇంజను నడుస్తోంది. వెనక సీట్లలో చిత్తూరువాళ్లు, తల్లి ఒడిలో నిద్రపోతున్న బిడ్డ. స్టీరింగు ముందు పక్కవీధి డ్రైవరు. బావ ఎడమవైపు సీట్లో ఉన్నాడు. అప్పుడూ చెప్పులు లేవు.

"ఎక్కు బావా. అలిపిరి కాడ దిగి ఆస్పత్రికి పోదాం. ఆడిదాకన్నా బండితో వస్తా," అన్నాడు.

ఆయన వెనకే ఇరుక్కుని కూర్చున్నాను. కొండ మొదట్లో, అలిపిరి దగ్గర ముందు పోయే బస్సు ఒక్కసారిగా ఆగింది. మా డ్రైవరు బ్రేకు వేశాడు. అదే క్షణంలో బావ కుడికాలు కూడా ముందుకు చాచుకుని, ఏ పెడలూ లేని రేకును గట్టిగా తొక్కిపట్టింది. జీపు ఆగాక కూడా ఆయన కాలు తీయలేదు. కట్టు ఎర్రగా తడిసిపోతోంది.

"బావా, కాలు," అన్నాను.

ఆయన వంగి చూసుకున్నాడు.