లేజరు పెట్టెలో పత్తి

అటక మీది చెక్కపెట్టెను నేను పదిహేనేళ్లపాటు దించలేదు. ఇల్లు సర్దినప్పుడల్లా మా ఆవిడ దాన్ని చూసి గొణుగుతూనే ఉండేది. ఈ ఏడు వానలు వెనకబట్టాక సున్నాలు వేయిద్దామని అటక ఖాళీ చేస్తూ, "బాగు చేస్తారా, పాత సామాన్లవాడికి వేసెయ్యమంటారా? రెండూ కాదంటే మీరూ ఎక్కి దాని పక్కనే పడుకోండి" అంది. ఆవిడ మాట అట్లాగే ఉంటుంది. నోరు మూసుకుని దించాను.

అది లేజరు షో పెట్టె. నేనూ నా స్నేహితుడూ కలిసి చేసింది. నేను మార్టూరు పక్క ఊళ్ళో సైన్సు టీచర్ని. అతను మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్లకు మోటార్లు వైండింగ్ చేసేవాడు. నాకు పుస్తకంలో ఉన్నది చెప్పడం వచ్చు, అతనికి చెయ్యడం వచ్చు. చదివింది ఏడో తరగతే గానీ, కాలిన మోటారును వాసన చూసి జబ్బేమిటో చెప్పేవాడు. మేం ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. మాది చర్చి, వాళ్ళది మసీదు. రంజాన్ నాడు మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు, క్రిస్మస్ నాడు వాళ్ళింట్లో వెలిగేది కాదు.

గుంటూరు నుంచి ఆకుపచ్చ లేజరు తెప్పించాం. పాత టేపురికార్డర్ల మోటార్లు రెండు దొరికాయి. వాటి ఇరుసుల మీద రూపాయి బిళ్లంత అద్దం ముక్కలు కొంచెం వాలుగా అతికించాం. వాలు అద్దం తిరిగితే దాని మీద పడిన కిరణం గోడ మీద సున్నా చుడుతుంది. ఆ కిరణాన్నే రెండో అద్దం మీదికి మళ్ళిస్తే సున్నా పువ్వవుతుంది. మోటార్ల వేగం మారిస్తే రేకులు పెరుగుతాయి, తరుగుతాయి. మా వరండా గోడ మీద మొదటిసారి ఎనిమిది రేకుల పువ్వు విచ్చుకున్న సాయంత్రం ఇద్దరం పెళ్ళాల ముందే గంతులేశాం. నిజం చెప్పొద్దూ, ఉద్యోగం వచ్చినప్పుడు కూడా నేనంత సంబరపడలేదు.

కిరణం గాలిలో కనబడాలంటే పొగ కావాలి. నేను పెద్ద తెలివిగా ఒక పాత గోనెసంచిని బాణలిలో వేసి అంటించాను. అది మిరపకాయలు తొక్కిన సంచి అని చూసుకోలేదు. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ రోడ్డున పడ్డాం. ఎదురింటి పెద్దాయన దగ్గుకుంటూ వచ్చి, "ఏం మాస్టారూ, వీధంతటికీ ఒకటే తాలింపా?" అని అడిగాడు. నా స్నేహితుడు కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే గుమ్మంలో కూలబడి నవ్వాడు. ఆ తర్వాత సాంబ్రాణికి మారాం.

రెండేళ్లు ఆ పెట్టెతో ఊళ్ళు తిరిగాం. బడి వార్షికోత్సవాలు, పెళ్ళిళ్ళు, ఎవరు పిలిస్తే వాళ్ళవి. ప్రతి షోకీ ముందు తీగలన్నీ విప్పి మళ్ళీ కట్టేవాళ్ళం. ఏ తీగ ఎక్కడికన్నది అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ ఆదివారం మధ్యాహ్నాలు, సోల్డరు వాసన, మధ్యమధ్యలో మా ఆవిడ తెచ్చే టీ.

మాకు పేచీ ఒక్క విషయంలోనే వచ్చేది. కిరణం ఎప్పుడూ జనం నెత్తి మీదుగా గోడ మీదికే పోవాలనేవాడు అతను. నాకేమో జనం మధ్యలోకి దించాలని. ఒక్క అద్దం తిప్పి పొగలోకి వదిలితే కిరణం సొరంగంలాగా కనబడుతుంది. మనుషులు ఆ సొరంగంలో కూర్చున్నట్టు ఉండాలని నా ఆశ.

"తిరిగినంతసేపే బావా అది వెలుగు. అద్దం ఆగిందా, కిరణమంతా ఒక్కచోటే పడుద్ది. కంట్లో పడితే అంతే సంగతులు" అనేవాడు.

"ఆగదులే."

"ఆగనని నీకు మోటారు మాటిచ్చిందా?"

"అంత భయమైతే ఇంట్లో కూర్చో" అనేవాణ్ణి. నా నోటికి అప్పట్లో అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఇప్పుడూ పెద్దగా లేదు.

ఆ ఏడు పత్తికి రేటు లేదు. మా వైపు రేటు లేకపోతే పత్తిని ఇంట్లోనే పోసుకుంటాం. మా ముందు గదిలో దూలాల దాకా పోశాం. మనుషులు పక్కకి తిరిగి నడిచేవాళ్ళు. మంచాలు వరండాలోకి వెళ్ళాయి, లేజరు పెట్టె పత్తి మీదికెక్కింది. అతను చూసి, "దీన్ని పత్తిలో పెట్టమాక బావా, పీచు ఇరుసుకి చుట్టుకుంటది" అన్నాడు. ఇంకెక్కడ పెట్టనని విసుక్కున్నాను.

డిసెంబరులో మా చర్చిలో సెమీ క్రిస్మస్. ఊరంతా వచ్చింది, గుంటూరు నుంచి మా ఆవిడ తరఫు చుట్టాలొచ్చారు. వేదిక పక్క బల్ల మీద పెట్టెను దాని స్టాండుతో సహా పెట్టాం. అతను అటు స్విచ్చుల దగ్గరికి వెళ్ళగానే నేను స్టాండు మర వదులు చేసి జానెడు కిందికి దించాను. పాట మొదలైంది, దీపాలు ఆర్పారు, సాంబ్రాణి పొగలో ఆకుపచ్చ సొరంగం జనం మీదికి తెరుచుకుంది. అందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టడం నాకు వినబడింది. పట్టుమని రెండు నిమిషాలు నడవకుండానే టక్కున ఆరిపోయింది.

వెనక ఎవరో ఈల వేశారు. "మాస్టారి లేజరు తుస్సు" అన్నారు ఇంకెవరో. నాకు తల కొట్టేసినట్టయింది. అతను పరుగున వచ్చి ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు.

"చేతకాకపోతే చేతకాదని ముందే ఏడవచ్చుగా. మా పండగంతా చెడగొట్టావు."

పక్కనే మైకు ఉన్న సంగతి నాకు గుర్తులేదు. నా మాట చర్చంతా వినబడింది, బయట చెట్టుకు కట్టిన స్పీకర్లోనూ వినబడింది. అతను తెరిచిన నోరు మూసుకున్నాడు. చేతిలో ఉన్న వైరు ఉండ చుట్టి బల్ల మీద పెట్టి, అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. వేసవిలో కొట్టు మూసి వేటపాలెం, వాళ్ళ అత్తగారి ఊరు, మారిపోయాడని తెలిసింది. నేను వెళ్ళలేదు. తప్పు చేసినవాడు తనే కదా, తనే రావాలి అనుకున్నాను. అట్లా అనుకుంటూ పదిహేనేళ్లు గడిపిన మూర్ఖుణ్ణి నేను.

ఇప్పుడు పెట్టె మూత విప్పితే సొరంగం అద్దం మోటారు ఇరుసుకి పత్తి పీచు కనబడింది. దారం వడికినట్టు బిగుసుకుపోయి ఉంది. మోటారు ఆగింది దానివల్లే. సరే, మరి లేజరెందుకు ఆరింది? తీగ పట్టుకుని పోతే నేను ఎన్నడూ చూడని చిన్న రిలే ఒకటి తగిలింది. మోటారు తిరిగినంతసేపే లేజరుకు కరెంటు వదులుతుంది, అద్దం ఆగితే తెంపేస్తుంది. తీగల చివర మైనం దారంతో వైండింగ్ వాళ్ళు వేసే ముడి. అతను నాకు చెప్పకుండా పెట్టాడు. చెబితే నేనేమనేవాణ్ణో అతనికి తెలుసు.

పీచు తియ్యలేదు. అద్దం ఆ రోజు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, స్టాండు మర నేను దించిన చోటే తుప్పు పట్టి బిగిసింది. మధ్యాహ్నం చర్చి తాళం తెచ్చి, మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. అదే బల్ల మీద ఆ రోజు పెట్టినట్టే పెట్టి, తలుపులు మూసి, రిలేను పక్కకు తప్పించి లేజరుకు నేరుగా కరెంటిచ్చాను. ఎడమవైపు, ఆడవాళ్ళు కూర్చునే చోట, మూడో స్తంభం మీద ఆకుపచ్చ చుక్క నిలబడింది.

మా ఆవిడ దాన్ని చూసి, "ఆ రోజు నేను కూర్చుంది అక్కడే" అంది. "ఆ స్తంభానికే ఆనుకున్నా. పాప నా ఒళ్ళో నిలబడి చప్పట్లు కొట్టింది." మా పాపకప్పుడు ఏడాదిన్నర. ఆవిడ స్తంభం పక్కకు వెళ్ళి, కూర్చున్న ఎత్తు, దాని మీద పిల్ల ఎత్తు అంచనా కట్టి అరచెయ్యి అడ్డం పెట్టింది. చుక్క ఆ చేతి మీద పడింది. నేను గబగబా స్విచ్చి ఆపేశాను.

"రేపు పొద్దున్నే చీరాల బస్సెక్కండి" అంది ఆవిడ. "ఆయన ఏమన్నా పడండి."

వేటపాలెంలో జీడిపప్పు యూనిట్ల సందులో అతని కొట్టు. గడ్డం నెరిసింది, మనిషి అదే. నన్ను చూసి లేచి, "రండి మాస్టారూ, కూర్చోండి" అన్నాడు. అతని నోట ఆ పిలుపు విని నా ప్రాణం చివుక్కుమంది. పెట్టె ముందు పెట్టి పీచు, రిలే, స్తంభం మీది చుక్క అన్నీ చెప్పాను. తల వంచుకుని విన్నాడు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెబుదామనే వచ్చానండీ. మీ పండగన్నారు. ఇంక నేనెవర్ని, నాకేం పని అనిపించింది."

"పత్తి నాది. స్టాండు దించింది నేను. నోరు పారేసుకుంది నేను" అన్నాను.

అతను సన్న పట్టకారు తీసుకుని ఇరుసు మీది పీచు కొంచెం కొంచెంగా లాగడం మొదలుపెట్టాడు. సగం తీశాక, తల ఎత్తకుండానే అడిగాడు.

"పాప ఏం చదువుతోంది?"

"ఇంటరు. గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్‌కి వెళ్తోంది."

"కళ్ళద్దాలేమన్నా వచ్చాయా?"

"రాలేదు."

"బోర్డు మీది అక్షరాలు వెనక బెంచీ నుంచి కనబడతాయా?"

"శుభ్రంగా కనబడతాయి."

పట్టకారు పక్కన పెట్టి చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఆ రిలే పాతది బావా, పాలిష్ మిషన్లోంచి ఊడదీసింది" అన్నాడు. "ఆ రోజు కిరణం ఆగింది పాప ఉన్న వైపే. ఒక్క రవ్వ ఆలస్యంగా తెగిందేమో, పాప కంట్లో పడిందేమోనని ఇన్నేళ్లూ భయపడి చస్తున్నా. ఎవరినీ అడగలేకపోయా."