ఇరవై రెండు మూరల మల్లెలు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలంలో నా చేతులారా పోగొట్టినవి ఇవి: ఇరవై రెండు రోజుల మల్లెపూలు, రోజుకు మూర చొప్పున ఇరవై రెండు మూరలు, ఒక ఆడమనిషి రెండేళ్ల ఎదురుచూపు. చివరిదానికి కొలత లేదు, అందుకే లెక్కలో వేయలేదు.

ఆర్మూర్‌లో మా పక్కింటి అక్క బీడీలు చుట్టేది. పెళ్లయిన కొత్తలో బావ పెరట్లో ఒక మల్లె అంటు నాటి దుబాయి పోయాడు. అది పూయడం ఆయన చూడలేదు. రెండేళ్లకు ఇరవై రెండు రోజుల సెలవు దొరికిందని ఉత్తరం వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పూలు విచ్చాలని అక్క వేళ్ల మీద లెక్కగట్టి, చెట్టు ఆకంతా దూసి, నీళ్లు ఆపేసింది. అలా ఎండగడితేనే మల్లె మొగ్గ తొడుగుతుంది. నీళ్లు పోయొద్దని నాకు చెప్పింది కానీ ఎందుకో చెప్పలేదు. ఎనిమిదేళ్లదాన్ని. మోడైన చెట్టును చూసి చచ్చిపోతుందని భయపడ్డాను. ఆమె బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయినప్పుడల్లా ఒక బకెట్ నీళ్లు పోసి, తడి కనబడకుండా పైన పొడిమట్టి చల్లాను. తొమ్మిది సాయంత్రాలు.

చెట్టు నిండా ఆకే వచ్చింది. సెలవుకొచ్చిన బావ రోజూ పొద్దున్నే వేపపుల్ల నములుతూ దాని చుట్టూ తిరిగేవాడు.

"ఏమే, గింత దూరం ఆకుకూర చూడనీకి వచ్చిన్నా నేను?"

అక్క నవ్వేది కాదు. ఆయన వెళ్లిపోయిన ఆరో రోజు మొదటి పువ్వు విచ్చింది.

అది చూసి ఏడుస్తూ అంతా చెప్పేశాను. అక్క ఒళ్లో చాట పెట్టుకుని చేతిలోని బీడీ చుట్టి అందులో వేసింది.

"బావ ఎన్ని రోజులుండె?" అంది.

"ఇరవై రెండు."

"అయితే ఇరవై రెండు మూరలు నాకు బాకీ. పెద్దగైనంక నీ చెట్టు పూలే తెచ్చియ్యి. ఇగ ఏడ్వకు, తంబాకు తడుస్తది."

నా ఏడుపు ఆగింది. అంకె చెప్పాక ఆ తప్పు మోయగలిగినంతే అనిపించింది.

బావకు తర్వాతి సెలవులన్నీ వానాకాలంలోనే దొరికాయి. ఆయన పూర్తిగా తిరిగొచ్చేసరికి ఆ చెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. ఇప్పుడు వాళ్లు నందిపేట్‌లో ఉంటున్నారు.

బీడీ కట్టలు లెక్కపెడుతూ కూడికలు నేర్చుకున్న నేను పసుపు మార్కెట్‌లో బస్తాల లెక్క రాస్తున్నాను. పసుపు వచ్చిపడే ఈ ఎండాకాలం నెలల్లో ఇల్లు చేరేసరికి కళ్లు మండుతాయి, కాళ్లు వాచిపోతాయి. అయినా ఏటా నా పెరటి మల్లెకు ఆకు దూస్తాను, నీళ్లు ఆపుతాను, మొదటి మూర తీసుకుని షేర్ ఆటోలో నందిపేట్ పోతాను.

నా లెక్కన ఇప్పటికి ఇరవై ఐదు మూరలు ఇచ్చాను. అక్క మాత్రం పూలు కొప్పులో తురుముకుంటూ అదే మాట అంటుంది.

"నీకు బస్తాల లెక్క తప్ప ఏం రాదే. ఇంకా మూడున్నయ్."

పోయిన ఏడాదీ మూడే, అంతకుముందూ మూడే. మార్కెట్‌లో ఒక్క బస్తా తేడా వచ్చినా ఊరుకోని నేను ఈ లెక్క మాత్రం దిద్దను. నిన్న మళ్లీ మొగ్గ పడింది. బాకీ మూడు మూరలు.