మరచెంబులో మిగిలిన నీళ్ళు

మా అమ్మ పోయింది. పోయిన గురువారం మధ్యాహ్నం, రేపల్లెలో మా తమ్ముడి ఇంట్లో, మేమంతా మంచం చుట్టూ ఉండగానే. ఫోన్ చేసినవాళ్ళంతా "మహాశాంతమూర్తి" అంటున్నారు. పోయినవాళ్ళని అలాగే అంటారు. మా అమ్మ శాంతమూర్తి ఏమీ కాదు.

అమ్మ పుట్టిల్లు బాపట్ల. నన్ను తన కొడుక్కి చేసుకోవాలని మావయ్యకి, అంటే అమ్మ అన్నయ్యకి, ఒకటే పట్టు. నేను వద్దన్నాను. "పిల్ల వద్దంది. ఇక మాటలెందుకన్నయ్యా?" అని అమ్మ మొహం మీదే చెప్పేసింది. ఈవాళ తెనాలిలో నచ్చినవాడితో కాపురం చేసుకుంటున్నానంటే ఆ మాట చలవే.

మావయ్య ఆ కసి ఎలా తీర్చుకున్నాడో వినండి. అమ్మమ్మ మూడు రోజులు మంచంలో కూతుర్ని కలవరించినా రేపల్లెకి కబురు పెట్టలేదు. పక్కింటివాళ్ళ చుట్టం చెబితే తెలిసింది. తల్లి నోట్లో పోద్దామని అమ్మ ఇత్తడి మరచెంబులో తులసి నీళ్ళు పోసుకుని, మూత బిగించి బస్సెక్కింది. వెళ్ళేసరికి అంతా అయిపోయి ఇల్లు కడిగేస్తున్నారు. ఆ నీళ్ళు అలాగే వెనక్కి తెచ్చి మా తులసి మొదట్లో పోసింది. మళ్ళీ పుట్టింటి గడప తొక్కలేదు.

ఆ మరచెంబు మాత్రం ప్రతి శుక్రవారం చింతపండుతో తోమి బోర్లించేది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. "ఇంకా ఎందుకే అమ్మా ఆ కోపం?" అంటే నవ్వేది.

"కోపం పాలల్లే పొంగకూడదే. పెరుగల్లే తోడుకోవాలి."

అమ్మ మంచం పట్టాక, మావయ్యకి కబురు పెట్టొద్దని తమ్ముడూ నేనూ ఒకే మాట మీద ఉన్నాం. ఆయన చేసిందే ఆయనకి చేద్దామనుకున్నాం. అమ్మ ఒప్పుకోలేదు.

"ముందు మా అన్నయ్యకే చెయ్యండి ఫోను. నా పక్కనే కూర్చోబెట్టండి. ఆఖరిదాకా కదలనివ్వకండి."

"ఎందుకే?"

"నాకు ఏం దక్కకుండా చేశాడో చూసుకోవద్దూ?"

మావయ్య వచ్చాడు. ముసలాయన, కర్ర లేనిదే నడవలేడు. నాలుగు రోజులు స్నానానికి తప్ప మంచం పక్కన వేసిన ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవనివ్వలేదు. భోజనానికి లేవబోతే కంచం అక్కడికే తెచ్చిచ్చేదాన్ని. మర్యాద అనుకున్నాడు పాపం. అమ్మ మూలిగినప్పుడల్లా పాదాలు నిమిరేవాడు. నాకు జాలి కలగలేదు.

గురువారం పొద్దున్నుంచి అమ్మకి మింగుడు పడటం ఆగిపోయింది. నేను చెంచాతో పోసిన నీళ్ళు కూడా బయటికే వచ్చేశాయి. అప్పుడు మావయ్య స్నానానికి వెళ్ళి ఉన్నాడు, చూడలేదు. మధ్యాహ్నం అమ్మ ఊపిరి తేలిపోతుంటే, మరచెంబులో తులసి నీళ్ళు కలిపి నేనే ఆయన చేతికిచ్చాను. పోశాడు. నీళ్ళు పెదవి చివర నుంచి జారి దిండు తడిసింది. మళ్ళీ పోశాడు. మళ్ళీ జారాయి. కాసేపటికి అమ్మ వెళ్ళిపోయింది.

"నా చేతి నీళ్ళు వద్దంది కదా అమ్మాయ్?" అన్నాడు మావయ్య.

పొద్దున నా చేతి నీళ్ళూ దిగలేదని ఒక్క మాట చెబితే చాలు, ఆ మనిషి తేలికపడేవాడు. మీకు చెబుతున్నాను. ఆయనకి చెప్పలేదు.

దహనం అయ్యాక, మరచెంబులో మిగిలిన నీళ్ళు పారబొయ్యకుండా, మూత బిగించి ఆయనకే ఇచ్చాను. బాపట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. బస్సు కదిలేటప్పుడు చూశాను. నీళ్ళు ఒలికిపోతాయేమోనని రెండు చేతులతో మూత అదిమి పట్టుకున్నాడు.